ఒకసారి ఇచ్చిన దాత మళ్లీ ఫోన్ ఎత్తాలంటే

ప్రశ్న: మాది దేవరకొండ. చందంపేట, డిండి మండలాల్లోని ఆరు తండాల్లో పిల్లలకు సాయంత్రం బడులు నడుపుతున్నాం. సొసైటీ రిజిస్టరై ఉంది, పాన్ ఉంది, ఈ మధ్యే తాత్కాలిక 80జి (దాతలకు పన్ను మినహాయింపు దొరికే నమోదు) కూడా వచ్చింది. బడికొక టీచరుకు నెలకు రూ.4,000 చొప్పున ఇస్తున్నాం. మిగతా ఖర్చులు కలిపితే నెలకు 30,000 అవుతోంది. ఇప్పటిదాకా 180 మంది దాకా డబ్బు పంపారు. అంతా మా కార్యదర్శి ఫోన్‌పే నంబరుకే వస్తుంది. ఒకసారి ఇచ్చినవాళ్లు రెండోసారి ఇవ్వడం లేదు. వాట్సాప్ గ్రూపు పెడితే సగం మంది వెళ్లిపోయారు, బ్రాడ్‌కాస్ట్ చేస్తే చాలామందికి అందడమే లేదు. అమెరికాలో ఉన్న మా ఊరివాళ్లు కూడా ఇస్తామంటున్నారు. బల్క్ ఎస్సెమ్మెస్‌లు పంపిస్తామని ఒకరు, రూ.60,000కు సొంత యాప్ చేసిస్తామని ఇంకొకరు వెంటపడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కార్యదర్శి గారి నంబరు దగ్గర మొదలుపెట్టండి. ఆయన నిజాయితీ గురించి ఎవరికీ అనుమానం లేకపోవచ్చు. కానీ దాత స్కాన్ చేయగానే తెరమీద సంస్థ పేరుండాల్సిన చోట ఒక మనిషి పేరు కనిపిస్తోంది. ఆయన్ని ఎరిగినవాళ్లు పంపుతారు, వాళ్లు చెప్పగా విన్నవాళ్లు మాత్రం అక్కడే ఆగిపోతారు. పైగా ఆ డబ్బు ఆయన సొంత ఖాతాలో పడుతోంది కాబట్టి రేపు ఆదాయపు పన్ను శాఖ అడిగితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. వ్యక్తి ఖాతాలో పడ్డ విరాళానికి సంస్థ 80జి రసీదు రాస్తానంటే ఆడిటర్ ఒప్పుకోడు. ఆయన ఫోన్ పోయినా, ఆయన సంస్థ నుంచి తప్పుకున్నా దాతల జాబితా అంతా ఆయనతోనే పోతుంది.

సొసైటీ పేరుమీద ఖాతా లేకపోతే ఈ వారమే తెరవండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలాలు, సంస్థ పాన్, ఖాతా తెరవాలని కార్యవర్గం చేసిన తీర్మానం, సంతకాలు పెట్టే ఇద్దరి కేవైసీ కాగితాలు పట్టుకెళ్లండి. అదే బ్యాంకులో మర్చంట్ క్యూఆర్ (దుకాణాలకు, సంస్థలకు ఇచ్చే క్యూఆర్) అడగండి. అప్పుడు అక్కడి ఉద్యోగి మీ సంస్థ ఏ రకందో ఒక కోడ్ ఎంచుకుంటాడు. సేవా సంస్థల కోడ్ 8398. తొందరలో కిరాణా కొట్టు కోడ్ పెట్టేసిన సందర్భాలుంటాయి, తర్వాత మార్పించుకోవడం తలనొప్పి. ఫారం మీద మీరే ఆ నంబరు రాసిచ్చి రండి.

యాప్ కంపెనీల ఏజెంట్లు కూడా వచ్చి ఉచితంగా క్యూఆర్ అంటించి పోతారు. తప్పేమీ లేదు గానీ, వాటిలో చాలావరకు రోజంతా వచ్చిన డబ్బును కలిపి ఒకే మొత్తంగా ఖాతాలో వేస్తాయి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక్క గీత 7,350 అని కనిపిస్తుంది, అందులో ఎవరు ఎంతో తెలియదు. ఆ వివరం యాప్ రిపోర్టులోనే ఉంటుంది, నెలనెలా దించుకోకపోతే ఏడాది చివర వెతుక్కోవాలి. మీ స్థాయికి బ్యాంకు ఇచ్చే క్యూఆరే మేలు. అయితే అక్కడ కూడా ప్రతి చెల్లింపు స్టేట్‌మెంట్‌లో విడిగా పడుతుందా అని అడిగి తీసుకోండి. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే యూపీఐ చెల్లింపుకు 2020 జనవరి నుంచి మర్చంట్ రుసుము లేదు. డబ్బు పడగానే పైకి చెప్పే సౌండ్ బాక్స్ మాత్రం నెలనెలా అద్దె గుంజుతుంది, మీకు దాంతో పనిలేదు.

క్యూఆర్ చేతికి రాగానే మూడు వేర్వేరు యాప్‌లతో రూపాయి చొప్పున పంపి చూడండి. తెరమీద సొసైటీ పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే రావాలి. పేరు పొడవైతే బ్యాంకువాళ్లు సగానికి నరికేస్తారు, చదివినవాళ్లకు అది ఇంకేదో సంస్థలా తోస్తుంది. ఇక ప్రింటు సంగతి: ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు వెడల్పు ఉండాలి. బల్లమీద పెట్టేదానికి 8, 10 సెంటీమీటర్లు చాలు. తీజ్‌కో, సేవాలాల్ జయంతికో తండాలో ఫ్లెక్సీ కట్టి రెండు మీటర్ల దూరం నుంచి స్కాన్ చేయమంటే 20 సెంటీమీటర్లుండాలి. మెరిసే లామినేషన్ వద్దు, ఎండలో వెలుగు కొట్టి స్కాన్ కాదు. బయట పెట్టిన రోజు పొద్దున్నే రూపాయి పంపి చూడటం అలవాటు చేసుకోండి. ఎవరైనా మీ కోడ్ మీద తమ స్టిక్కర్ అంటించిపోతే అప్పుడే దొరుకుతుంది.

వాట్సాప్‌లో క్యూఆర్ బొమ్మ పంపడం అందరూ చేసే పనే, అందులో ఒక తిరకాసుంది. దాత చేతిలో ఉన్నది ఒక్కటే ఫోను, ఆ ఫోను తెరమీదున్న కోడ్‌ను అదే ఫోను ఎలా స్కాన్ చేస్తుంది? బొమ్మ సేవ్ చేసి, యాప్ తెరిచి, గ్యాలరీలోంచి ఎక్కించాలి. చాలామందికి ఈ దారి తెలియదు. తెలిసినవాళ్లకు కూడా గ్యాలరీ నుంచి ఎక్కించిన కోడ్‌కు చాలాసార్లు రూ.2,000 దాటి వెళ్లనివ్వదు. 5,000 పంపుదామని కూర్చున్నాయన చెల్లింపు ఆగిపోతే ‘మళ్లీ చూద్దాంలే’ అనుకుంటాడు, ఆ మళ్లీ రాదు. అందుకే క్యూఆర్‌తో పాటు యూపీఐ ఐడీ, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ను అక్షరాలుగా టైపు చేసి పంపండి. ఒక్కోటి ఒక్కో మెసేజ్‌గా పంపితే వేలితో నొక్కి కాపీ చేసుకోవడం సులువు. లక్ష దాటి ఇచ్చేవాళ్లకు మామూలుగా యూపీఐ రోజువారీ పరిమితి అడ్డొస్తుంది, వాళ్లకు నెఫ్ట్ వివరాలో, చెక్కు ఎవరి పేరున రాయాలో చెప్పండి. కొత్త ఫోను కొని యూపీఐ అప్పుడే పెట్టుకున్నవాళ్లకు మొదటి 24 గంటలు 5,000 మించి పోదు. వాళ్లు మీ ఖాతాలో ఏదో లోపం ఉందనుకుంటారు, రేపు చూడండి అంటే సరిపోతుంది.

డబ్బు కట్టయి ‘పెండింగ్’ అని చూపిస్తే ఇంకోసారి పంపమని పొరపాటున కూడా అనకండి. మర్చంట్ చెల్లింపు విఫలమైతే 5 రోజుల్లోపు సొమ్ము వెనక్కి జమ కావాలి, దాటితే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకే పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో నిబంధన పెట్టింది. దాతకు ఈ ముక్క చెప్పి, 12 అంకెల యూటీఆర్ (ఆ చెల్లింపు గుర్తింపు) నంబరు తీసుకుని, మీరే స్టేట్‌మెంట్‌లో వెతికి కబురు చెప్పండి. స్క్రీన్‌షాట్‌ను మాత్రం రుజువుగా తీసుకోకండి, దొంగ స్క్రీన్‌షాట్‌లు తయారుచేసే యాప్‌లే ఉన్నాయి. స్టేట్‌మెంట్‌లో పడితేనే రసీదు.

పాత నంబరు ఒక్కరోజులో చావదు. కార్యదర్శి పేరు దాతల ఫోన్‌పే చరిత్రలో పైన్నే ఉంటుంది, పాత కరపత్రాల మీద, తండా గోడల మీద ఉంటుంది. ఒక ఏడాది పాటు అటే డబ్బు వస్తూనే ఉంటుంది. వచ్చిన రోజే ఆయన దాన్ని సొసైటీ ఖాతాకు పంపించి, దాత పేరు, యూటీఆర్ దాతల షీటులో (దాని సంగతి కింద చెబుతాను) ఎక్కించి, ఆ దాతకు ఫోన్ చేసి ‘అన్నా, ఇకమీద ఇట్ల పంపండి’ అని కొత్త ఐడీ ఇవ్వాలి. సంస్థ కోసం విడిగా ఒక సిమ్ తీసుకోండి. దానికి వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టి, రెండంచెల ధ్రువీకరణ పిన్ వేసి, ఆ పిన్ ఇద్దరికి తెలిసేలా ఉంచండి. రీఛార్జి మరిచిపోయి సిమ్ 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేసి తర్వాత ఇంకొకరికి ఇచ్చేయగలదు. అప్పుడు మీ దాతలు పెట్టే మెసేజ్‌లు ఎవరికో వెళ్తాయి.

ఇక రసీదులు. మీ దాతలు రెండోసారి ఇవ్వకపోవడానికి కారణం ఇక్కడే ఉండొచ్చని నా అనుమానం. పంపినాయనకు ఏం జరిగింది? యాప్‌లో ఆకుపచ్చ టిక్కు వచ్చింది, అంతే. అందిందా, ఎవరు చూశారు, ఏం కొన్నారు అనే కబురు లేదు. ఆర్నెల్లకు మళ్లీ ఒక పోస్టరు వచ్చింది. పెళ్లిలో 516 చదివిస్తే మైకులో పేరు చదివి పుస్తకంలో రాసుకుంటారు. మీకు అంతకంటే పెద్ద మొత్తం ఇచ్చినాయనకు ఆపాటి గుర్తింపు కూడా దక్కలేదు.

కాబట్టి డబ్బు పడిన రోజే, అదీ పడుకునే లోపే, పేరు పెట్టి ఒక మాట. ‘కృష్ణన్నా, మీరు పంపిన 1,116 సొసైటీ ఖాతాల పడ్డయి. రేపు రసీదు పంపిస్త. ఈ నెల తెల్దేవరపల్లి తండా బడికి బల్బులు, పలకలు తేవాల్సి ఉండె, దానికే వాడుతం.’ ఇంతే. రెండో రోజు రసీదు పీడీఎఫ్‌గా. అందులో రసీదు నంబరు, తేదీ, దాత పేరు, చిరునామా, పాన్, మొత్తం, ఏ దారిన వచ్చింది, యూటీఆర్, మీ సంస్థ పాన్, 80జి నమోదు నంబరు ఉండాలి. పాన్ కోసం ఫారాలు పంపకండి, ఆ కృతజ్ఞతల మెసేజ్ కిందే ‘పన్ను రసీదు కావాలంటే పాన్, చిరునామా పంపండి’ అని ఒక గీత రాయండి. ఇచ్చిన ఊపు మీదున్నప్పుడు పంపుతారు. మార్చిలో అడిగితే పది మందిలో ఇద్దరు కూడా పంపరు.

పన్ను లెక్క కూడా ఇందులోనే ఉంది. 80జి ఉన్న సంస్థ ఏడాదిలో ఎవరెవరు ఎంతిచ్చారో ఫారం 10బిడిలో మే 31 లోపు దాఖలు చేసి, ఒక్కొక్క దాతకు ఫారం 10బిఈ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు రూ.200. ఇది 2021–22 లెక్కల నుంచి నడుస్తున్న పద్ధతి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ల, ఫారాల నంబర్లు మారతాయి. ఇక్కడ అందరి నోట్లో ఉన్న పాత పేర్లే వాడాను, రసీదు అచ్చువేసే ముందు కొత్తవి ఆడిటర్‌ను అడగండి. రూ.2,000 దాటిన నగదుకు పన్ను మినహాయింపు లేదు, ఆ మాట నగదు తెచ్చినాయనకు ముందే చెప్పాలి. పేరూ చిరునామా రాసుకోని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఏది ఎక్కువైతే దాన్ని దాటితే ఆ పైదానిపై 30 శాతం పన్ను పడుతుంది. చెరువుగట్టు జాతరలో క్యూఆర్ పెట్టి కూర్చుంటే యూపీఐలో పేరైతే వస్తుంది గానీ చిరునామా రాదు. పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను, రాసే కుర్రాడు ఉండాలి.

ఇంకొకటి. ‘పన్ను ఆదా అవుతుంది’ అనే మాటను పోస్టరు మీద పెద్దక్షరాల్లో వేయకండి. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మీ ఊరివాళ్లలో కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు, అందులో 80జి మినహాయింపు లేదు. పాత విధానంలో ఉన్నాయనకు రసీదు పనికొస్తుంది, మిగతావాళ్లకు రసీదంటే నమ్మకం, అంతవరకే.

మీ లెక్క ఒకసారి చూద్దాం. నెలకు 30,000 కావాలి. నెలకు రూ.500 ఇచ్చేవాళ్లు 60 మంది దొరికితే ఆరు బడులూ నడుస్తాయి. అంటే 180 మందిలో మూడో వంతు. కొత్తవాళ్ల కోసం పోస్టర్లు వేయడం కొన్నాళ్లు ఆపి, ఈ 60 మందిని పాతవాళ్లలోనే వెతకండి.

దీనికి కావాల్సింది ఒక షీటు. ఫోన్‌లోనే గూగుల్ షీట్స్‌లో పేరు, నంబరు, సొంతూరు లేదా తండా, ఇప్పుడుండేది ఎక్కడ, ఎవరి ద్వారా పరిచయం, ఎప్పుడు ఎంతిచ్చారు, యూటీఆర్, రసీదు నంబరు, పాన్, చివరిసారి మనం మాట్లాడింది ఎప్పుడు, ఏమన్నారు. ఈ చివరి గడినే ఎవరూ నింపరు, అన్నిటికంటే పనికొచ్చేది అదే. ‘కూతురు ఇంటర్ పరీక్షలు’ అని రాసుకుంటే రెండు నెలల తర్వాత ఆ మాటతో మొదలుపెట్టొచ్చు. షీటు ఇద్దరి దగ్గర ఉండాలి, అందరి దగ్గర ఉండకూడదు.

ముగ్గురు వలంటీర్లకు తలా 60 మందిని పంచండి. ఆదివారానికి పది ఫోన్ల చొప్పున ఆరు వారాల్లో అందరితో మాట్లాడటం అయిపోతుంది. ఈ మొదటి విడతలో డబ్బు అడగొద్దు. ‘అన్నా నమస్తే, దేవరకొండ సాయంత్రం బడి నుంచి మాట్లాడుతున్న. పైసల కోసం కాదు, మీరిచ్చిన దాంతోని ఏం చేసినమో చెప్దామని చేసిన. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?’ అనేది మొదటి వాక్యంగా ఉండాలి. అది విన్నాక అవతలి గొంతు మారుతుంది. ఒప్పుకుంటే ఏ తండాలో ఎంతమంది పిల్లలు వస్తున్నారు, ఏం ఇబ్బంది ఉందీ నాలుగు ముక్కల్లో చెప్పండి. ఇబ్బందులు దాచొద్దు. వర్షాకాలంలో బడి పది రోజులు నడవలేదంటే నడవలేదనే చెప్పండి. అంతా బాగుంది అనే సంస్థకు తన డబ్బు అవసరమేముందని దాత అనుకుంటాడు. చివర్లో ‘మీకు కబురు వాట్సాప్‌ల పంపమంటరా, ఫోన్ చెయ్యమంటరా?’ అని అడిగి షీటులో రాసుకోండి. వద్దంటే వద్దు, ఆ పేరు పక్కన గుర్తు పెట్టి వదిలేయండి.

వేళలు చూసుకోండి. ఎల్బీనగర్, వనస్థలిపురం వైపు ఉద్యోగులకు రాత్రి 7 నుంచి 8:30 మధ్య బాగుంటుంది. వ్యవసాయం చేసేవాళ్లకు పత్తి, వడ్లు అమ్ముకునే రోజుల్లో తీరిక ఉండదు, అమ్మిన పైసలు చేతికొచ్చిన వారం తర్వాత ఉంటుంది. భివండి, సూరత్ మగ్గాల దగ్గరున్న నల్గొండ వాళ్లకు షిఫ్టు ఎప్పుడో మొదటే అడగాలి. దుబాయ్ మనకు గంటన్నర వెనక. న్యూయార్క్ వైపు వాళ్లతో మన పొద్దున 6:30 నుంచి 7:30 లోపు మాట్లాడాలి, అక్కడ అది ముందురోజు రాత్రి.

రాసి పంపేదానికంటే గొంతుతో పంపేది ఎక్కువ చేరుతుంది. భివండిలో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడతారు, అందరికీ చదవడం రాదు. తండా నుంచి వెళ్లినవాళ్లకు ఇంటి భాష లంబాడీ. ఆ తండా టీచరే ‘ఈ నెల పదకొండు మంది పిల్లలు రెండో ఎక్కం నుంచి ఐదో ఎక్కం దాకా వచ్చిన్రు’ అని లంబాడీలో 40 సెకన్లు మాట్లాడి పంపితే, ఆఫీసులో తయారుచేసిన ఏ వీడియో దాని దరిదాపుల్లోకి రాదు. ఫొటో పంపితే పిల్లల ముఖాల మీద జాలి కనిపించేలా తీయకండి. తల్లిదండ్రుల అనుమతి లేకుండా ముఖాలే వద్దు. హాజరు పట్టీ, దిద్దిన నోటుబుక్కు, కొత్తగా బిగించిన లైటు, దుకాణం బిల్లు చాలు. బిల్లు ఫొటోకు ఉన్న బలం చాలామందికి తెలియదు.

మీ వాట్సాప్ గ్రూపు ఎందుకు ఖాళీ అయిందో ఊహించొచ్చు. గుడ్ మార్నింగ్‌లు, రాజకీయాలు, చావు కబుర్లు. అదొక్కటే కాదు, గ్రూపులో ఒకరి నంబరు అందరికీ కనిపిస్తుంది. దాతల పేర్లు, మొత్తాలు అందులో వేస్తుంటే 500 ఇచ్చినాయన 50,000 పక్కన తన పేరు చూసుకుని చిన్నబోతాడు, 50,000 ఇచ్చినాయనకేమో ఆ సాయంత్రమే నలుగురు అప్పు కోసం ఫోన్ చేస్తారు. గ్రూపు ఉంచుకుంటే అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగ్ మార్చి, నెలకు రెండుకు మించి పెట్టకండి. అసలు పని బ్రాడ్‌కాస్ట్‌తో చేసుకోండి. అది అందకపోవడానికి కారణం ఒక్కటే: మీ నంబరును తన ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే బ్రాడ్‌కాస్ట్ వెళ్తుంది. ఒక జాబితాలో 256 మంది పడతారు, మీ 180 మంది ఒక్కదాంట్లోనే సరిపోతారు. ఆదివారం ఫోన్ చేసినప్పుడే ‘ఈ నంబరు సాయంత్రం బడి అని సేవ్ చేసుకోండన్నా’ అని చెప్పి, మాట అయిపోగానే కాంటాక్ట్ కార్డు పంపండి. నంబరుకు ప్రొఫైల్ బొమ్మగా బడి బోర్డు పెట్టండి, దేవుడి బొమ్మ వద్దు, నాయకుడి బొమ్మ అసలే వద్దు.

రెండో విడతలో, అంటే మాట్లాడిన రెండు నెలలకు, నెలనెలా 500 సంగతి అడగొచ్చు. మొత్తాన్ని పనితో కలిపి చెప్పండి: ఎనిమిది మంది చేయి వేస్తే ఒక టీచరు జీతం. అడిగే నోరు తెలిసినవాళ్లదైతే మంచిది, అందుకే షీటులో ‘ఎవరి ద్వారా పరిచయం’ అనే గడి. తీజ్‌కు, దసరాకు జనం ఊళ్లకు వస్తారు కదా, అప్పుడు ఎదురుగా అడిగి, ఫోన్‌తో ముగించండి.

ఒప్పుకున్నవాళ్లకు యూపీఐ ఆటోపే పెట్టించొచ్చు. మొదటిసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే, రూ.15,000 లోపు మొత్తం ప్రతినెలా పిన్ లేకుండా కట్ అవుతుంది. కట్ అయ్యే 24 గంటల ముందు దాతకు కబురు వస్తుంది, ఎప్పుడైనా తన యాప్‌లోనే రద్దు చేసుకోవచ్చు. ఈ రద్దు సంగతి ముందే చెప్పండి, భయం పోతుంది. దీనికి సంస్థ ఖాతాతో కలిపిన పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే సేవ) కావాలి, దానికి రుసుములుంటాయి, ప్రతి కటింగుకు ఎంతో రాతపూర్వకంగా అడగండి. తేదీ 5 నుంచి 7 మధ్య పెట్టండి. 1వ తేదీన ఈఎంఐలన్నీ పోయి ఖాతా ఖాళీగా ఉంటే విఫలమవుతుంది, నెలాఖరున సరేసరి. ఒకసారి విఫలమైతే మీరు హడావుడి పడొద్దు. వరుసగా రెండు నెలలైతే ఒక ఫోన్ చేసి కుశలం అడగండి. ఆటోపే ఇష్టపడని పెద్దవాళ్లకు 6వ తేదీన వాట్సాప్‌లో ఒకసారి గుర్తుచేస్తే చాలు.

ఏ పనికి ఇచ్చారో తెలియాలంటే ఒక చిన్న కిటుకు. బడుల కోసం 501, పుస్తకాల కోసం 502 అని అడగండి, స్టేట్‌మెంట్‌లో చివరి అంకె చూస్తే తెలిసిపోతుంది. మనవాళ్లు మీరేం చెప్పినా 516, 1,116 అనే పంపుతారనుకోండి, వాటికి ఫోన్ చేసి అడగాల్సిందే.

అమెరికా సంగతి జాగ్రత్త. అక్కడున్నాయన ఇండియన్ పాస్‌పోర్టు మీదే ఉండి, తన సొంత సంపాదన నుంచి ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ప్రవాస భారతీయులకు ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతాలు) ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టండి. అమెరికా సిటిజన్‌షిప్ వచ్చి ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చే కార్డు) మీదున్నాయన మన తండాలో పుట్టినవాడైనా సరే, చట్టం లెక్కలో విదేశీయుడే. ఆయన దగ్గర రూపాయి తీసుకోవాలన్నా ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉండాలి. రిజిస్ట్రేషన్‌కు సంస్థకు కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో సేవా పనుల మీద 15 లక్షల ఖర్చు చూపాలి. మీరు పెట్టేది ఏడాదికి 3.6 లక్షలే కాబట్టి ఇప్పట్లో అది మీకు అందదు. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడి ఖాతాకు వేస్తాడు, తమ్ముడు మీకిస్తాడు అని. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినా అది విదేశీ విరాళమే, చట్టంలో ఆ మాట స్పష్టంగానే ఉంది. క్యూఆర్‌ను అమెరికా గ్రూపుల్లో పెట్టకండి, ఒక్కొక్కరినీ అడిగి అర్హులకు మాత్రమే పంపండి. సిటిజన్లకు మాత్రం ‘సెలవులకు వచ్చినప్పుడు పిల్లలకు ఒక సాయంత్రం పాఠం చెప్పండి’ అనండి, అది ఏ ఫారంలోనూ రాయక్కర్లేదు.

మోసాల గురించి దాతలకు ఏడాదికి రెండుసార్లు ఒక మెసేజ్ పంపండి: మా సంస్థ పేరు తెరమీద కనిపించకపోతే పంపొద్దు, మేము ఓటీపీ, పిన్ ఎప్పుడూ అడగం, డబ్బు తిరిగి ఇస్తామంటూ ఎవరైనా పిన్ కొట్టమంటే కొట్టొద్దు, ఎందుకంటే డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. మీ పోస్టరును కాపీ చేసి క్యూఆర్ మార్చి తిప్పేవాళ్లు తగిలితే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బల్క్ ఎస్సెమ్మెస్‌కు 180 మంది కోసం దిగొద్దు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సంస్థ డీఎల్‌టీలో (బల్క్ మెసేజ్‌లు పంపేవాళ్ల నమోదు వ్యవస్థ) నమోదు కావాలి, పంపే పేరుకు అనుమతి, మెసేజ్ నమూనాకు అనుమతి తీసుకోవాలి. అవేమీ లేకుండా మామూలు పదంకెల నంబర్ల నుంచి పంపిస్తానంటే నిబంధన తప్పుతున్నాడని అర్థం, ఫిర్యాదు వస్తే కట్టయ్యేది మీ నంబరు. తెలుగుకు ఇంకో ఖర్చుంది. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్ 160 అక్షరాలు పడుతుంది, తెలుగు 70 మాత్రమే, అదీ గుణింతం, వత్తు విడివిడిగా లెక్కించి. ‘కృతజ్ఞతలు’ చదివితే ఐదు అక్షరాలు, ఫోను లెక్కలో తొమ్మిది. రెండు వాక్యాలు రాసేసరికి ఒకటి కాస్తా రెండు మెసేజ్‌లై బిల్లు రెట్టింపవుతుంది. పైగా మీ దాతల నంబర్ల జాబితా వాడి కంప్యూటర్లోకి వెళ్తుంది. వాళ్లు నంబరిచ్చింది మీకు. 2023 డేటా రక్షణ చట్టం కింద ఆ జాబితాకు పూచీ మీదే.

యాప్ అసలు వద్దు. ఆర్నెల్లకోసారి 500 ఇచ్చే మనిషి దానికోసం ఫోన్‌లో ఇంకో యాప్ దించుకోడు. దించుకున్నా నిల్వ నిండగానే మొదట తీసేసేది దాన్నే. ఏటేటా దాని నిర్వహణ ఖర్చు వేరే ఉంటుంది, ఆ సంగతి చేసిచ్చేవాళ్లు చివర్లో చెబుతారు. ఆ 60,000 మీ ఆరు బడులకు రెండు నెలల ఖర్చు. వాళ్లకు నిజంగా సాయం చేయాలనుంటే పాత స్టేట్‌మెంట్లు ముందేసుకుని 180 మందిని షీటులో ఎక్కించిపెట్టమనండి.